మంత్రసాని వదిలిన ఖాళీ

కాన్పులు ఇంటి నుంచి ఆసుపత్రికి మారడం వల్లే మన తల్లులు బతికారంటారు. అది సగం నిజమే. తెలుగునాట ఆడవాళ్లకు ఆసుపత్రి వైద్యం 19వ శతాబ్దం చివర్లో మొదలైంది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ డాక్టర్ అన్నా కూగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. ఈలోగా 1885లో డఫ్రిన్ ఫండ్ ఏర్పడింది. పరదా దాటి మగ డాక్టరు దగ్గరికి రాలేని స్త్రీల కోసం ఆడ డాక్టర్లను తయారుచేయడం దాని ఉద్దేశం. విశాఖ ఘోషాసుపత్రి పేరులో ఆ కాలం ఇంకా వినిపిస్తుంది. కానీ ఇవన్నీ పట్నాల సంగతులు. ఊళ్లో పురుడు పోసింది మాత్రం మంత్రసానే. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఆమెకు శిక్షణ, శుభ్రమైన బ్లేడు, దారం ఇచ్చి చూసింది. 2005లో జననీ సురక్ష యోజన వచ్చాక డబ్బూ దృష్టీ ఆసుపత్రి కాన్పు మీదికి మళ్లాయి. ఆమె పక్కకు తప్పుకుంది.

కొడవలితో బొడ్డు కోసి ధనుర్వాతం తెచ్చింది ఆమె కాదా అని అడగవచ్చు. అదీ జరిగింది. రక్తస్రావాన్ని ఆపడం కూడా ఆమె చేతిలో లేని పని. ఉమ్మడి రాష్ట్రంలో 2001–03లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రలో 45కి, తెలంగాణలో 43కి దిగింది. ఈ తేడాలో 108 బండికీ రక్తనిధికీ వాటా ఉంది. కాదనడం మొండితనం. అయితే పసికందుల ధనుర్వాతాన్ని దేశం 2015లో జయించిందంటే, సబ్‌సెంటర్ ఏఎన్ఎం గర్భిణికి వేసిన సూది కూడా అందుకు కారణమే. ఆ పని జరిగింది ప్రసూతి వార్డులో కాదు, ఊళ్లో.

కాన్పుతో పాటు ఆసుపత్రికి రానిది నొప్పుల గంటల్లో పక్కన కూర్చునే మనిషి. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. ముహూర్తాల పిచ్చి, నొప్పుల భయం, బిల్లుల ఆశ, అన్నీ ఇందులో ఉన్నాయి. ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండే చేయి లేకపోవడమూ ఉంది. ఆ ఖాళీ నింపడానికే తెలంగాణ 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. శిక్షణ ఒక్కటే చాలదు. ఇలా శిక్షణ పొందిన నర్సులను వేరే వార్డుల డ్యూటీలకు పంపకుండా, మామూలు కాన్పును సొంత నిర్ణయంతో చేసే అధికారం రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ రాతపూర్వకంగా ఇవ్వాలి.