ఎర్రనీళ్ళ కథ: నెత్తురు కాని నెత్తురు



దసరా దగ్గర పడితే చాలు, ఏ ఊరి తెలుగు సంఘంలోనైనా కుర్రాళ్ళకి ఒక సరదా పుడుతుంది. అధ్యక్షులవారిని నేల మీద పడుకోబెట్టి, మెడ దగ్గర ఎర్రరంగు పూసి, కోశాధికారి చేతికి అట్టకత్తి ఇచ్చి, పక్కన "చందా బాకీ పడ్డవారి గతి ఇదే" అని బోర్డు పెట్టి ఫోటో తీయడం. చూసినవాళ్ళు ఒక్క క్షణం ఉలిక్కిపడి, తర్వాత పగలబడి నవ్వాలి. ఇదేదో సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన పిచ్చి అనుకుంటాం. కాదు. ఉత్తుత్తి నెత్తురుతో నవ్వించడానికి ఫోటోకి ఉన్నంత వయసుంది. ఉత్తుత్తి నెత్తురుకైతే ఇంకా చాలా ఎక్కువ వయసుంది, దాని తయారీ మన వంటింట్లోనే ఉంది.

ముందు వంటింటి సంగతి. పసుపు నీళ్ళలో కాస్త సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. చంటిపిల్లకి దిష్టి తీసినా, కొత్త దంపతులు గుమ్మంలోకి వచ్చినా మన ఆడవాళ్ళు పళ్ళెంలో కలిపేది ఈ ఎర్రనీళ్ళే. పెళ్ళిలో చల్లుకునే వసంతం ఇదే. కర్ణాటకలో ఉన్నవాళ్ళు దీన్ని ఓకుళి అని వింటారు, తమిళనాడులో ఉన్నవాళ్ళు ఆరత్తి పళ్ళెంలో చూస్తారు. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పసుపవుతుంది. ఆ పళ్ళెంలో నిమ్మకాయ పిండి చూడండి, ఎరుపు మాయం.

ఇదే వరుసలో బూడిద గుమ్మడికాయ ఉంది. ఆయుధపూజ నాడు కొట్టుకీ, లారీకీ, మగ్గానికీ దిష్టి తీసి, కాయకి కుంకుమ పట్టించి వీధిలో పగలగొడతాం. శాస్త్రం తెలిసినవాళ్ళు దాన్ని కూష్మాండబలి అంటారు. పేరులోనే బలి ఉంది. పోవలసిన ప్రాణం చోట కాయ, కారవలసిన నెత్తురు చోట కుంకుమ. మేకని కోశామని అక్కడ ఎవరూ అనుకోరు. అది ఉత్తుత్తిదని అందరికీ తెలుసు. తెలిసి చేయడంలోనే దాని అర్థమంతా ఉంది.

ఇక మన రంగస్థలం. తంజావూరు దగ్గర మెలట్టూరులో ఏటా నరసింహ జయంతికి భాగవత మేళం ఆడతారు. మెలట్టూరు వేంకటరామ శాస్త్రిగారు తెలుగులో రాసిన ప్రహ్లాద చరిత్రం ఆ ఊరి ప్రాణం. ఒడిశాలో గంజాం వైపు ప్రహ్లాద నాటకం ఉంది. ఆట ఒడియాదే అయినా, ఆ నాటకానికి పేరు తెచ్చిన జలంతర సంస్థానం ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో ఉంది. బరంపురం తెలుగువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. రెండు చోట్లా నరసింహుడి ముఖానికి పూజ చేసి గానీ తొడగరు. తొడిగినవాడికి ఆవేశం వస్తుంది, నలుగురు పట్టుకుని ఆపవలసి వస్తుంది. హిరణ్యకశిపుడి పేగులు తీసి మెడలో వేసుకున్న కథ అది. అంతకంటే భయంకరమైన ఘట్టం పురాణాల్లో అరుదు. అయినా మెలట్టూరులో ఆ వధని నెత్తురుతో చూపించరు. ముఖం, మేళం, ఆవేశం, అవే చాలు. కావలసినంత భయం చూసేవాళ్ళే తెచ్చుకుంటారు.

ఇప్పుడు ఫోటో దగ్గరికి వద్దాం. దీనికోసం కొంచెం ఫ్రాన్స్ దాకా వెళ్ళాలి.

ఇపోలిత్ బయార్ అని పారిస్‌లో ఆర్థిక శాఖ ఉద్యోగి ఒకడుండేవాడు. ఆఫీసు పని చేసుకుంటూనే కాగితం మీద నేరుగా బొమ్మ పడే ఫోటో పద్ధతి ఒకటి సొంతంగా కనిపెట్టాడు. 1839లోనే తన బొమ్మలు పదిమందికీ చూపించాడు. అదే ఏడు ప్రభుత్వం డగేర్ అనే ఇంకొకాయన పద్ధతిని మెచ్చి, అతనికి జీవితాంతం పింఛను కట్టింది. బయార్‌కి దక్కింది నామమాత్రం. అర్జీలు పెట్టుకుని అలిసిపోయిన గుమాస్తా బాధ మనకి కొత్తేమీ కాదు. బయార్ ఏడవలేదు, ఫోటో తీసుకున్నాడు. 1840 అక్టోబరులో నడుం పైన బట్ట లేకుండా, కళ్ళు మూసుకుని, ఒక పక్కకి ఒరిగి, నీళ్ళలో మునిగి చచ్చిన శవంలా కూర్చుని తనని తానే తీసుకున్నాడు. వెనక ఒక రాత రాశాడు. డగేర్‌కి అంత ఇచ్చిన ప్రభుత్వం తనకేమీ చేయలేనంటే ఈ అభాగ్యుడు నీళ్ళలో దూకాడనీ, శవాల గదిలో కొన్నాళ్ళుగా పడి ఉన్నా అడిగే దిక్కు లేదనీ, ముఖమూ చేతులూ అప్పుడే కుళ్ళడం మొదలైందనీ, వాసనొస్తుంది కాబట్టి దూరంగా నడవమనీ దాని సారాంశం.

ముఖం, చేతులు నల్లగా ఉన్నమాట నిజమే. కుళ్ళి కాదు. ఒళ్ళంతా తెల్లగా ఉండి, ఎండకి కమిలిన భాగాలు మాత్రం ఆ కాగితం మీద ముదురుగా పడ్డాయి. ఆ రోజుల్లో ఒక్క ఫోటోకి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి, కళ్ళు తెరిచి ఉంచడం కష్టం. బయార్ ఆ రెండు లోపాల్నీ తన హాస్యానికి వాడుకున్నాడు. ఫోటో పుట్టిన మరుసటేడే వచ్చిన మొదటి దొంగ శవం అది. ఆ శవం తర్వాత నలభై ఏడేళ్ళు బతికింది, 1863లో ప్రభుత్వ సత్కారం కూడా అందుకుంది.

ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళకి యూరప్, అమెరికాల్లో తల తెగిన ఫోటోల మోజు పట్టింది. తన తల తానే పళ్ళెంలో పెట్టుకుని నవ్వుతున్న పెద్దమనిషి, ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో భార్య తల పట్టుకున్న భర్త. కిటుకు తేలిక. వెనక నల్ల వెల్వెట్ తెర కడతారు. నల్లని చోట ప్లేటు మీద ఏమీ పడదు కాబట్టి, మొదటిసారి తలని కప్పి ఒళ్ళు తీసి, రెండోసారి అదే ప్లేటు మీద తలని మాత్రం కావలసిన చోట తీస్తారు. 1897లో అచ్చయిన ఆల్బర్ట్ హాప్కిన్స్ ఇంద్రజాలం పుస్తకంలో ఇలాంటి ఫోటో కిటుకులన్నీ బొమ్మలతో సహా విప్పి చెప్పేశారు. చెప్పేసినా మోజు తగ్గలేదు. కిటుకు తెలిసినవాడు ఇంకా బాగా నవ్వుతాడు.

1895లో ఎడిసన్ కంపెనీ వాళ్ళు స్కాట్లండు రాణి మేరీకి శిరచ్ఛేదం చేసే చిట్టి సినిమా తీశారు. నిడివి అర నిమిషం కూడా లేదు. గొడ్డలి లేవగానే కెమెరా ఆపి, నటుణ్ణి తప్పించి బొమ్మని పెట్టి, మళ్ళీ తిప్పారు. రాణి వేషం వేసింది మగవాడే. కూచిపూడి, మెలట్టూరు ఆటలు ఎరిగిన మనకి ఇందులో వింతేముంది! మనవైపు ఈ కిటుకుల్ని సినిమాకి తెచ్చిన దాదాసాహెబ్ ఫాల్కే సినిమాల్లోకి రాకముందు ఫోటోగ్రాఫరు, ఇంద్రజాలికుడు కూడా. తన పేరు తిరగేసి ప్రొఫెసర్ కేల్ఫా అని పెట్టుకుని ప్రదర్శనలిచ్చేవాడు.

నెత్తురు రంగుకీ ఒక చరిత్ర ఉంది. నలుపు తెలుపు ఫిల్ము మీద ఎరుపు ఎరుపుగా పడదు, కాబట్టి రంగు కన్నా చిక్కదనమే ముఖ్యం. 1960 నాటి హిచ్‌కాక్ సైకో సినిమాలో స్నానాల గది నేల మీద పారింది చాక్లెట్ పాకం. పారిస్‌లో 1897 నుంచి 1962 దాకా నడిచిన, భయానక నాటకాలకి పేరుపడ్డ గ్రాన్ గిన్యోల్ నాటకశాలలో ప్రేక్షకుల కళ్ళెదుటే కారాలి కాబట్టి ఎర్రరంగుని గ్లిజరిన్‌లో కలిపేవారు. రంగుల సినిమా వచ్చాక మొక్కజొన్న పాకంలో తినే రంగు కలపడం వాడుకైంది.

మన కుర్రాళ్ళకి పనికొచ్చేది ఇక్కడే ఉంది. వట్టి ఎర్రరంగు రంగులాగే కనిపిస్తుంది. గ్లూకోజ్ పాకమో తేనో తీసుకుని, తినే ఎర్రరంగు కలిపి, చిటికెడు కాఫీ పొడి వేస్తే ముదురు వస్తుంది. ఒక్క నీలం చుక్క పడితే ఇంకా నమ్మేట్టుంటుంది. గాయం అంచుకి మైదా ముద్ద చాలు. ఆరిన నెత్తురు గోధుమరంగుకి తిరుగుతుంది, కాబట్టి బట్ట మీది మరక ముదురుగా, ఒంటి మీది ధార ఎర్రగా ఉండాలి. ధార ఎప్పుడూ కిందికే కారాలి. తక్కువ పూస్తేనే ఎక్కువ నమ్ముతారు. ఎర్రనీళ్ళు మాత్రం ముఖానికి వాడకండి, సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఇంతదాకా నవ్వు. ఈ ఎర్రనీళ్ళకి ఇంకో ముఖం ఉంది, అది కూడా మన ఊళ్ళదే.

గుడ్డకి పసుపు పట్టించి ఆరబెట్టి, సున్నపు నీళ్ళు అంటిన చేత్తో దాని మీద అద్దితే నెత్తుటి చేయి తేలుతుంది. కత్తికి మందారపువ్వు రుద్ది నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారుతుంది. ఇంటి ఆవిడ జబ్బుతో మంచాన పడితే, ఆ నిమ్మకాయ చూపించి "చేతబడి జరిగింది, చేసినవాళ్ళు మీ వీధిలోనే ఉన్నారు" అనే మంత్రగాళ్ళు మన తాతల కాలంలోనే పోలేదు. అందులో మొదటి నష్టం డబ్బు. రెండోది, ఆ వేలు ఎవరి వైపు చూపిస్తే ఆ మనిషి ప్రాణం. ఆ మనిషి చాలాసార్లు ఎవరూ లేని ముసలావిడ. ఇలాంటి కిటుకుల్ని వేదికలెక్కి విప్పి చూపడానికే కోయంబత్తూరు దగ్గర పోదనూరులో ఉండి దేశమంతా తిరిగిన బి. ప్రేమానంద్ జీవితం గడిపారు. మహారాష్ట్రలో ఇదే పని చేసిన నరేంద్ర దాభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. అది ఉత్తుత్తి నెత్తురు కాదు. ఆయన ఏళ్ళ తరబడి అడిగిన చట్టం ఆయన పోయాక కొద్ది రోజుల్లోనే ఆర్డినెన్సుగా వచ్చింది. ఒడిశా 2013లోనే మంత్రగత్తె ముద్ర వేసి వేధించడాన్ని నేరం చేసింది. కర్ణాటక 2017లో క్షుద్రపూజల మీద చట్టం చేసింది. అంటే మనం బతుకుతున్న మూడు రాష్ట్రాలు ఈ పని మీద చట్టాలు రాసుకోవలసి వచ్చింది.

దిష్టి పళ్ళెంలోనిదీ, మంత్రగాడి నిమ్మకాయలోనిదీ రెండూ వంటింటి కిటుకులే. తేడా పదార్థంలో లేదు. గుమ్మడికాయ కొట్టేటప్పుడు అది కాయేనని అందరికీ తెలుసు. బయార్ శవం పక్కన బయార్ రాతే ఉంది, చచ్చినవాడు తన చావుకబురు తానే రాశాడంటే అది వేళాకోళమని తెలియదూ! మంత్రగాడు మాత్రం కత్తికి రుద్దిన పువ్వు సంగతి చెప్పడు. చెప్తే అతని బేరం ముగిసినట్టే.

వాట్సాప్ వచ్చాక ఈ తేడా ఇంకా పల్చబడింది. మనం నవ్వుకోవడానికి తీసిన ఫోటో నాలుగు గ్రూపులు దాటేసరికి కింది బోర్డు కత్తిరించుకుపోతుంది. ఐదో గ్రూపులో అది ఎక్కడో ఎవరినో ఎవరో నరికిన వార్త అవుతుంది. భాషో, కులమో, మతమో దానికి తోడైతే ఇక చెప్పాలా? పరాయి రాష్ట్రంలో తరాలుగా ఇరుగుపొరుగుతో కలిసి బతుకుతున్నవాళ్ళం, అలాంటి వదంతి ఖరీదు మనకి బాగా తెలుసు.

అందుకని కుర్రాళ్ళని తీయొద్దనడం లేదు. శుభ్రంగా తీయండి, అధ్యక్షులవారు కదలకుండా పడుకుంటామంటే మరీ మంచిది. రెండే మాటలు. కత్తిరించడానికి వీలు లేకుండా ఫోటో మధ్యలోనే సంఘం పేరు, తేదీ, "ఉత్తుత్తి" అన్న మాట పడేలా చూడండి. రెండో ఫోటోలో అదే శవం లేచి కూర్చుని కాఫీ తాగుతూ కనిపించాలి. రెండూ కలిపే పంపండి.

మీ ఇళ్ళలో పాత స్టూడియో ఫోటోలు, నాటకాల ఫోటోలు ఉంటే వాటి వెనక కూడా ఎవరు, ఎప్పుడు, ఏ వేషం అని ఇప్పుడే పెన్సిలుతో రాసి పెట్టండి. బయార్ ఫోటో నూటఎనభై ఏళ్ళుగా నవ్విస్తోందంటే, వెనక రాత ఉండబట్టే.