విషం వెదకబోతే విద్యుత్తు

మన న్యూకాసిల్‌లోని లిటరరీ అండ్ ఫిలసాఫికల్ సొసైటీ ముందునుంచి వెళ్ళినప్పుడల్లా మాకు జోసెఫ్ స్వాన్ గుర్తుకొస్తాడు. 1880 అక్టోబరు 20న ఆయన అక్కడి ఉపన్యాసశాలలో విద్యుద్దీపాలు వెలిగించాడు. ఆ దీపాల్లోని తీగకు మూలం నూలుదారం. మామూలు దారం కరెంటును పోనివ్వదు. గంధకామ్లంలో ముంచి, బొగ్గుగా మాడిస్తే పోనిచ్చింది.

మాడ్చకుండా, పాలిమర్‌ను పాలిమర్‌గానే ఉంచి విద్యుద్వాహకం చేయగలమా? ఆ దారిలో తొలి అడుగు మా వృత్తివాడిదే. లండనులో హెన్రీ లెథబీ అనే డాక్టరు అనిలీన్ విషలక్షణాలను పరిశీలిస్తూ, 1862లో దాని ద్రావణంలోకి కరెంటు పంపాడు. ప్లాటినం మీద నీలిపూత ఏర్పడింది. నేడు పాలీఅనిలీన్ అంటున్న పదార్థం అదే. అది కరెంటును మోయగలదని తేలడానికి సుమారు వందేళ్ళు పట్టింది.

1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్‌లు పాలీఎసిటిలీన్‌కు అయోడిన్ ఆవిరి పట్టించారు. మేము గాయాలకు పూసే అయోడినే! అది పాలిమర్ గొలుసుల నుంచి కొన్ని ఎలక్ట్రాన్లను లాక్కుంది. ఆ ఖాళీల వల్ల, అంతదాకా చోటు కదలని విద్యుదావేశానికి దారి దొరికింది. వాహకత కోటి రెట్లు పెరిగింది. 2000లో ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

కారణం తెలియకపోయినా లెథబీ చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. కేసుషీటు రాయడానికి బద్ధకించే మాబోటివాళ్ళకు అదే పాఠం.