పద్యానికి తోడైన ఛాయాచిత్రాలు

చికానోల సినిమా చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఒక చిన్న చిత్రంతో ప్రారంభిస్తారు. 1969లో వెలువడిన ఆ చిత్రం పేరు 'ఐ యామ్ వాకీన్'. అనగా 'నేను వాకీన్‌ను'. నిడివి సుమారు ఇరవై నిమిషాలు. అందులో నటీనటుల సంభాషణలు లేవు. వున్నవి నిశ్చలమైన ఛాయాచిత్రాలు, వాటి మీదుగా సాగిపోయే ఒక కంఠం, కొంత సంగీతం.

చికానోలనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మెక్సికన్ సంతతివారు. 1848 సంధితో మెక్సికో ఉత్తర భూభాగం చాలా మేరకు అమెరికా వశమైనది. అక్కడివారు ఇల్లు కదలకుండానే పరదేశంలో పడినారు. ఆ తరువాత పొలం పనులకై వలస వచ్చినవారూ యెందరో. హాలీవుడ్ తెరమీద వీరికి తరచుగా దక్కినవి బందిపోటు వేషాలు, నౌకరు వేషాలు.

1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటలలో సమ్మె మొదలైనది. మొదట పని మానినవారు ఫిలిపినో కూలీలు. కొద్ది దినాలకే సీజర్ చావెజ్ నాయకత్వాన మెక్సికన్ కూలీలు వారితో కలిసినారు. డెలానోలోనే పుట్టిన లూయిస్ వాల్డెజ్ ఆ సమ్మెలో 'ఎల్ తియాత్రో కాంపెసీనో' అనే కూలీల నాటక సమాజాన్ని స్థాపించినాడు. లారీ వెనుకభాగమే రంగస్థలం!

1967లో డెన్వర్ నగరవాసి రోడాల్ఫో గొంజాలెజ్ ఒక దీర్ఘకవిత ప్రకటించినాడు. ఈయన పూర్వాశ్రమంలో ముష్టియుద్ధ యోధుడు. సమ్మె దృశ్యాలను కెమెరాలో బంధించిన జార్జ్ బాలిస్ ఛాయాచిత్రాలను తెరపై చూపుతూ, వాల్డెజ్ సమాజంవారు ఈ కవితను సభలలో బిగ్గరగా చదివేవారు. సినిమా పుట్టినది ఆ ప్రదర్శన నుండియే.

డబ్బు లేకపోవడంచేత ఈ పద్ధతి పట్టినారని అనవచ్చును. కాని ఆ కవితకు ఇంతకన్న తగిన పద్ధతి వేరొకటి వున్నదని నేననుకోను. అందులో 'నేను' అనేవాడు ఒక్క మనిషి కాడు. జయించిన స్పానిష్ సేనాని కోర్తెజ్ తానే, ఓడిన అజ్టెక్ రాజు క్వావ్‌తెమోక్ తానే; పీడించినవాడూ పీడితుడూ తానే. ఏ నటుడిని నిలిపినా ఆ 'నేను' కుంచించుకుపోయేది. ఇక్కడ కంఠం ఒక్కటే. ముఖాలు మాత్రం మారుతూ పోతవి. కుడ్యచిత్రాలలోని వీరుల సరసన ఎండకు కమిలిన సమ్మెదారు ముఖం వచ్చి నిలుస్తుంది. కెమెరా దగ్గరకు జరుగుతుంది, వెనుకకు తగ్గుతుంది. ఆ నడక చదివేవాని ఊపిరిననుసరించి సాగుతుంది. చదివినది వాల్డెజే, సంగీతం సోదరుడు డేనియల్‌ది. కంఠం ఒక్కటే మనిషిని కళ్ళయెదుట నిలపగలదని రేడియో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు.

2010లో ఈ చిత్రాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చినారు.

అయితే ఆ 'నేను' పురుషుడే. కవితలో స్త్రీ కనిపిస్తుంది, కాని ఎక్కువగా దుఃఖించే తల్లిగా, నిరీక్షించే ఇల్లాలిగా. ఈ లోటుకు సమాధానం ఉపన్యాసంగా రాలేదు, సినిమాగానే వచ్చినది. ఆనా నియెతో-గోమెజ్ సిద్ధపరచిన స్లైడు ప్రదర్శన ఆధారంగా సిల్వియా మొరాలెస్ 1979లో 'చికానా' తీసినది. అవే సాధనాలు: నిశ్చల చిత్రాలు, వాటిపై ఒక కంఠం. ఈసారి ఆ కంఠం స్త్రీది.