అంతర్జాల ప్రసంగాలు, కార్యశాలలు: నరసాపురం ప్రాంత కళాశాలలు

వక్త ఒకచోట, శ్రోతలు మరోచోట ఉండగా అంతర్జాలం మీదుగా కళాశాల విద్యార్థులకు, అధ్యాపకులకు, పూర్వ విద్యార్థులకు ఏర్పాటు చేసే ఉపన్యాసాన్ని వెబినార్ అంటారు. వినిపించి ఊరుకోకుండా ఒక పనిని చేయిస్తూ నేర్పితే అది ఆన్‌లైన్ వర్క్‌షాప్, అంటే కార్యశాల. ఆహ్వాన పత్రాల మీద ఈ రెండు పేర్లూ ఒకదాని బదులు ఒకటి వాడుతున్నా వీటి స్వభావం వేరు, ఏర్పాట్లు వేరు, విఫలమయ్యే తీరూ వేరే.

పశ్చిమ గోదావరి జిల్లాలో వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్న నరసాపురం వంటి ఊళ్లకు వీటి అవసరం మహానగరాలకన్నా ఎక్కువ. భీమవరం వైపు నుంచి వచ్చే రైలు మార్గం ఇక్కడితో ఆగిపోతుంది. హైదరాబాదు నుంచి ఒక ఆచార్యుడు వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్లాలంటే రానొక రాత్రి, పోనొక రాత్రి రైల్లో గడవాల్సిందే. చార్జీలు, బస, భోజనం కళాశాల భరించాలి. ఊళ్లో 1949లో స్థాపించిన శ్రీ వై.ఎన్. కళాశాల, సీతారామపురంలో స్వర్ణాంధ్ర ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. పొరుగున భీమవరంలో 1945 నాటి డి.ఎన్.ఆర్. కళాశాల, 1980 నాటి ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. చదువుకు కొదవ లేని ప్రాంతమే ఇది. కొరత అంతా బయటి నిపుణుల రాకపోకలదే.

పూర్వరంగం

దూరాన ఉన్న బోధకుణ్ని ఊరికి చేర్చే ప్రయత్నం అంతర్జాలంతో మొదలైంది కాదు. 1982లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయాల్లో మొదటిది. అచ్చు పాఠాలతో పాటు రేడియో పాఠాలనూ అది వాడుకుంది. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమాన్ని ఆరంభించింది. ఎదుటివారు చెప్పింది వినడమే తప్ప తిరిగి అడిగే వీలు లేకపోవడం ఆ ప్రసారాల లోటు. విద్య కోసమే ఇస్రో రూపొందించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న ప్రయోగించాక ఆ లోటు కొంత తీరింది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ ప్రసారాలు ప్రభుత్వ కళాశాలలకు పాఠాలను చేరవేశాయి.

నేటి ఆన్‌లైన్ కార్యశాలకు అసలైన మూలరూపం మాత్రం ఐఐటీ బొంబాయి నడిపిన అధ్యాపక శిక్షణలో కనిపిస్తుంది. పది వేలమంది అధ్యాపకులకు తర్ఫీదు ఇవ్వాలన్న ఆ పథకంలో ఆచార్యుడు ముంబయిలో మాట్లాడేవాడు. దేశమంతటా ఎంపిక చేసిన ఇంజనీరింగ్ కళాశాలలు దూరకేంద్రాలుగా పనిచేసేవి. అమృత విశ్వవిద్యాపీఠం తయారుచేసిన ఎ-వ్యూ అనే సాఫ్ట్‌వేర్ ఇరువైపులనూ కలిపేది. ప్రసంగం తెర మీద విన్న అధ్యాపకులు ఆ తరవాత తమ కేంద్రంలోనే, అక్కడి సమన్వయకర్త పర్యవేక్షణలో ప్రయోగాలు చేసేవారు. మాట దూరం నుంచి, పని దగ్గరుండి అన్న ఈ పంపకం మీద తరవాత వచ్చిన వెబినార్లలో చాలావాటికి ధ్యాస లేకపోయింది. వాటిలో కనిపించే లోపాల్లో సగం అక్కడే పుట్టాయి.

2020

కరోనా వ్యాప్తితో 2020 మార్చి మూడో వారంలో రాష్ట్రంలో విద్యాసంస్థలు మూతపడ్డాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. అప్పటికి మూడున్నరేళ్ల కింద, 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా ధరలు పడిపోయాయి గనుక డెల్టా పల్లెల్లో సైతం విద్యార్థుల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. జూమ్ సమావేశాల్లో పాల్గొనేవారి సంఖ్య 2019 డిసెంబరులో రోజుకు కోటి ఉండగా, 2020 ఏప్రిల్ నాటికి 30 కోట్లకు చేరిందని ఆ సంస్థే ప్రకటించింది. లింకు చేజిక్కించుకుని ఆగంతకులు సమావేశాల్లోకి చొరబడటం ఎక్కువవడంతో ఏప్రిల్ 5 నుంచి పాస్‌వర్డు, వెయిటింగ్ రూమ్ ఉచిత ఖాతాలకు వాటంతటవే అమలయ్యాయి. ప్రైవేటు వ్యక్తులకు జూమ్ అంత సురక్షితం కాదని అదే నెల 16న కేంద్ర హోంశాఖ హెచ్చరించింది. అది మొదలు చాలా కళాశాలలు గూగుల్ మీట్ వైపు మొగ్గాయి.

ఆ వేసవిలో వాట్సాప్ గ్రూపుల్లో రోజూ పోస్టర్లే. పైన యాజమాన్యం ఫొటోలు, మధ్యలో వక్త ఫొటో, కింద ‘రిజిస్ట్రేషన్ ఉచితం, అందరికీ ఈ-సర్టిఫికెట్’ అన్న గమనిక. ఏ చిన్న విభాగం నిర్వహించినా అది జాతీయ వెబినారే. దీని వెనక ఉబలాటం ఒక్కటే లేదు, లెక్క కూడా ఉంది. అధ్యాపకుల పదోన్నతికి యూజీసీ 2018లో ప్రకటించిన నిబంధనల్లో ఆహ్వానిత ప్రసంగానికి జాతీయ స్థాయిలో 3 పాయింట్లు, రాష్ట్ర స్థాయిలో 2 పాయింట్లు ఉన్నాయి. పక్క జిల్లా వక్తను పిలిచినా ‘జాతీయ’ అన్న మాట చేరేది ఇందుకే. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ పరిశోధన పద్ధతులు, మేధోసంపత్తి హక్కులు, వ్యవస్థాపకత మీద ఎన్ని సదస్సులు, కార్యశాలలు జరిపారని అడిగేది. ఆ మూడు అంశాల మీద వెబినార్లు ఎక్కువగా కనిపించడానికి ఈ ప్రశ్నే ముఖ్య కారణం. కళాశాలలోని అంతర్గత నాణ్యతా విభాగం, వాడుకలో ఐక్యూఏసీ, ప్రతి కార్యక్రమానికీ నివేదిక, హాజరు పట్టిక, స్క్రీన్‌షాట్లు భద్రపరచడం అప్పటినుంచే ఆనవాయితీగా స్థిరపడింది.

సర్టిఫికెట్ల వరద వల్ల వాటి విలువ పోయింది. వక్త వచ్చేలోపే ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు అడిగేవారు తయారయ్యారు. ఆ దశలో జరిగిన మేలునూ తక్కువ చేయరాదు. అంతకుముందు పేరు మాత్రమే విన్న శాస్త్రవేత్తలు, రచయితలు, న్యాయనిపుణులు డిగ్రీ విద్యార్థికి తెర మీద ఎదురుపడ్డారు. ఐదు రోజుల అధ్యాపక శిక్షణ తరగతులను అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) వారి అటల్ అకాడమీ ఆన్‌లైన్‌లో నిర్వహించడంతో, ఇల్లు వదిలి వెళ్లలేని మహిళా అధ్యాపకులు కూడా వాటిలో చేరగలిగారు.

నిర్వహణ

సాధారణంగా ఒక కన్వీనర్, సాంకేతిక వ్యవహారాలు చూసే ఒక అధ్యాపకుడు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి వెబినార్ నడుపుతారు. బ్రోచర్, గూగుల్ ఫారం ద్వారా నమోదు, వాట్సాప్ గ్రూపు, ముందురోజు వక్తతో ధ్వని పరీక్ష, కార్యక్రమం, ఫీడ్‌బ్యాక్, సర్టిఫికెట్ అన్నది వరస. జూమ్ ఉచిత ఖాతాలో వందమందికి, 40 నిమిషాలకే అవకాశం. స్వాగతోపన్యాసం, ప్రిన్సిపాల్ సందేశం, వక్త పరిచయం ముగిసేసరికి అందులో సగం కరిగిపోతుంది గనుక ఉచిత ఖాతాలతో నడిపేవారు పొడుగాటి పరిచయాలు మానుకోక తప్పదు. శ్రోతలు ఎక్కువైతే యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారాన్ని జోడిస్తారు. అందులో దృశ్యం కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా ఆలస్యంగా చేరుతుంది. చాట్‌లో ప్రశ్న వచ్చేసరికి వక్త తరవాతి అంశంలోకి వెళ్లిపోతాడు. ప్రశ్నలను ఏరి, వరస పెట్టి, సందర్భం గుర్తుచేస్తూ వక్త ముందుంచే మనిషి ఒకరు ఉండటం అందుకే ముఖ్యం. చాలా చోట్ల ఈ పని ఎవరికీ అప్పగించరు.

శ్రోత వైపు అసలు అడ్డంకి డేటా. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో దృశ్యం చూస్తే గంటకు సుమారు 450 ఎంబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్లాను మీద రెండు గంటల వెబినార్ ఒక్కటే 900 ఎంబీ తినేస్తుంది. ఇంట్లో ఒకే ఫోను ఉండి తమ్ముడికి కూడా తరగతులు ఉంటే ఆ రోజుకు అంతే. ధ్వని మాత్రమే, అదీ సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున పంపితే గంటకు 30 ఎంబీ లోపే సరిపోతుంది. అందువల్ల స్లైడ్లను ముందే పీడీఎఫ్‌గా పంపి, ప్రసంగాన్ని మాటగా వినిపించడం పల్లె విద్యార్థులు ఎక్కువగా ఉన్న కళాశాలలకు అనువైన పద్ధతి. తుపాను రోజుల్లో కరెంటు, సిగ్నలు రెండూ పోయే తీరప్రాంతంలో రికార్డింగు అందుబాటులో ఉంచడం మరీ అవసరం.

వేళ కూడా చిక్కే. పూర్వ విద్యార్థులు పలువురు అమెరికాలో ఉంటారు. ఇక్కడ సాయంత్రం 7 గంటలంటే వేసవిలో న్యూయార్కులో ఉదయం 9.30, కాలిఫోర్నియాలో 6.30. కళాశాల గంటల్లో పెడితే అక్కడ నడిరాత్రి. సాయంత్రం పెడితే సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చే విద్యార్థులు హాల్లో ఉండరు, ఇంట్లో సొంత ఫోన్లలోనే చూడాలి. ఆదివారం ఉదయం 9 గంటలు ఇరువైపులా కుదిరే వేళ. అప్పటికి అమెరికాలో శనివారం రాత్రి.

కార్యశాలలు, స్థానిక విషయాలు

ప్రసంగం బాగోకపోతే శ్రోతకు పోయేది గంట సమయమే. కార్యశాల బాగోకపోతే పని వచ్చేసిందన్న భ్రమ మిగులుతుంది. అందువల్ల దీని ఏర్పాట్లు కఠినంగా ఉండాలి. పాల్గొనేవారి సంఖ్య తగ్గించాలి, సామగ్రి ముందే చేరాలి, చిన్న జట్లుగా విడదీసి ఒక్కో జట్టుకు తెలిసినవారిని ఒకరిని కేటాయించాలి. సాఫ్ట్‌వేర్ నేర్పడంలో ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ పద్ధతి ఇందుకు మంచి నమూనా. సుమారు పది నిమిషాల వీడియోను తెర మీద ఒక పక్క పెట్టుకుని, ఆపుతూ, రెండో పక్క అదే పనిని విద్యార్థి చేసి చూసుకుంటాడు. ఈ పాఠాల్లో చాలావాటికి తెలుగు మాట కూడా ఉంది. విజ్ఞానశాస్త్ర ప్రయోగాలకు వర్చువల్ ల్యాబ్స్ ఉన్నాయి గానీ పరికరం చేత్తో పట్టిన అనుభవానికి అవి సాటి రావు.

ఆన్‌లైన్ విధానమే మెరుగైన ఫలితం ఇచ్చే పనులూ ఉన్నాయి. నరసాపురం, భీమవరం పరిసరాలు రొయ్యల చెరువులతో నిండినవి. 2009లో వనామీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చాక ఈ సాగు మరింత విస్తరించింది. దీని మీద పరిశోధించే కేంద్రీయ ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ చెన్నైలో ఉంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది. నిపుణులు అక్కడ, చెరువులు ఇక్కడ. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది, కిరణజన్య సంయోగక్రియ వల్ల పీహెచ్ మధ్యాహ్నానికి పెరుగుతుంది. కాలేజీ ల్యాబుకు పది గంటలకు తెచ్చిన సీసాడు నీళ్లలో ఈ మార్పు కనబడదు. చెరువు గట్టు పక్కనే ఇల్లున్న విద్యార్థి పరీక్ష కిట్టుతో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి, ఆ అంకెలతో సాయంత్రం నిపుణుడి ముందు కూర్చుంటే చర్చకు సొంత లెక్కలు ఉంటాయి.

లేసు అల్లిక సంగతి ఇందుకు భిన్నం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చిన క్రోషే అల్లిక ఇక్కడి స్త్రీలకు ఇంటిపట్టున చేసే జీవనోపాధి అయింది. ఆ స్త్రీల శ్రమ, దక్కే కూలి మీద జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వెలువడి ప్రపంచవ్యాప్తంగా పాఠ్యగ్రంథమైంది. అల్లికను తెర మీద నేర్పాలంటే ముఖం చూపే కెమెరా చాలదు. సూది, దారం, వేళ్లు పైనుంచి కనిపించేలా రెండో కెమెరా ఉండాలి. ఇక్కడ గురువులు ఊళ్లోనే ఉన్నారు. బయటి నుంచి రావాల్సింది డిజైన్, ఎగుమతి, చట్టం తెలిసినవారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మేధోసంపత్తి హక్కుల మీద జరిగే వెబినార్లు పేటెంట్ల నిర్వచనాలతో సరిపెట్టకుండా ఈ గుర్తింపునే పాఠంగా తీసుకుంటే, అంటే దరఖాస్తు ఎవరు చేస్తారు, అధీకృత వినియోగదారుగా అల్లేవారు ఎలా నమోదు కావాలి, యంత్రపు లేసును ఈ పేరుతో అమ్మితే ఏం చేయాలి అన్నవి చర్చిస్తే, న్యాక్ నివేదికా నిండుతుంది, ఊరికీ పనికొస్తుంది.

చరిత్ర విభాగాలకు ఇలాంటి వీలే ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివారు పాలకొల్లు, నరసాపురం తావుల్లో వర్తకం సాగించారు. వారి ఈస్టిండియా కంపెనీ పత్రాలు హేగ్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిని చదవగల పండితుడితో ఒక గంట మాట్లాడటానికి ఇప్పుడు కావలసింది మూడున్నర నుంచి నాలుగున్నర గంటల కాలభేదాన్ని సర్దుకోవడమే.

ప్రస్తుత రూపం

తరగతులు మళ్లీ తెరుచుకున్నాక ఎవరిళ్ల నుంచి వారు చూసే వెబినార్లు తగ్గాయి. విద్యార్థులు సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ ముందు కూర్చోగా వక్త మాత్రమే దూరం నుంచి మాట్లాడే మిశ్రమ పద్ధతి వ్యాపించింది. డేటా భారం కళాశాలది, హాజరు నిజమైనది, పక్కనే అధ్యాపకుడు ఉంటాడు. హాల్లో అడిగిన ప్రశ్న వక్తకు వినపడాలంటే శ్రోతల మధ్యకు తిరిగే మైకు ఒకటి కావాలి. ఒక్క లాప్‌టాప్ మైకు మీద ఆధారపడిన చోట సంభాషణ సాగదు. క్రమబద్ధమైన కోర్సుల విషయంలో 2017లో మొదలైన స్వయం వేదిక ఈ ప్రసంగాలను మించి ఎదిగింది. ఒక సెమిస్టరు క్రెడిట్లలో 40 శాతం దాకా దాని ద్వారా పొందడానికి యూజీసీ 2021 నిబంధనలు అనుమతిస్తున్నాయి. విడి ప్రసంగాలకు క్రెడిట్లు ఉండవు.

రికార్డింగులను యూట్యూబ్‌లో ఉంచేముందు వక్త అనుమతి తీసుకోవడం, విద్యార్థుల ముఖాలు, పేర్లు కనిపించే భాగాలను తొలగించడం నిర్వాహకుల బాధ్యత. నమోదు ఫారాల్లో ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, కొన్నిచోట్ల అవసరం లేకున్నా పుట్టిన తేదీ కూడా అడుగుతుంటారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమాచారాన్ని సేకరించేవారు దేనికోసం అడుగుతున్నారో చెప్పాలి, ఆ పని తీరాక దాన్ని తొలగించాలి. సర్టిఫికెట్ పంపడానికి పేరు, ఈమెయిల్ చాలు.