బొమ్మల పుస్తకంలో లేని మదనపల్లె

మా రామాపురం బడిలోని జాతీయగీతం బొమ్మల పుస్తకంలో గెడ్డపు కవి చెట్టుకింద ఒంటరిగా రాస్తుంటాడు. పుట తిప్పితే జెండా. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో పాడిన పాట 1950 జనవరి 24న జాతీయగీతమైంది. నడుమ 38 ఏళ్లు ఏమైనట్టు?

1919 ఫిబ్రవరిలో మదనపల్లె థియసాఫికల్ కళాశాలలో రవీంద్రుడు పాడుతుంటే విద్యార్థులు పల్లవి అందుకున్నారు. మార్గరెట్ కజిన్స్ స్వరలిపి కూర్చింది. స్త్రీల ఓటుహక్కు కోసం ఐర్లండులో జైలుకెళ్లిన మనిషి ఆమె. పాటకు ఇంగ్లీషు అనువాదం కవి అక్కడే చేశాడు. ఈ గొంతులేవీ మన చిత్రకారుడికి వినబడలేదు. ఐదవ జార్జి కోసం రాశాడన్న నిందకు 1937లో కవి ఇచ్చిన జవాబూ బొమ్మకెక్కలేదు. మహనీయుడొక్కడే చరిత్ర నడుపుతాడని పసివాళ్లకు నేర్పడం అమాయకమైన పని కాదు.

“ఆయనతో ఎవరూ పాడలేదా, మాస్టారూ?” అంది మూడో తరగతి పిల్ల. పుస్తకం మూసి మదనపల్లె సంగతి మొదలుపెట్టాను.