ముఖం గాబన్‌ది, కడుపు మనది

అరకు కొండవాలు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ మాను చుట్టూ టేపు తిప్పాడు కలప వ్యాపారి.

"నిలువునా ఇచ్చేయ్ మావా. కోత, మోత, లారీ అన్నీ మావే."

"దీన్నట్టుకున్న మిరియాల తీగ ఏటవుద్ది బాబూ?"

"తీగతో మాకేం పని?"

ఈ ఇద్దరికీ పేర్లు లేవు. ఏజెన్సీ బేరాల తీరును నేనిలా ఒక సన్నివేశంగా కూర్చాను. కానీ ఆ టేపును ఇంత దూరం తెచ్చిన కథలో పేర్లూ తేదీలూ ఉన్నాయి.

1995లో నీలంబూర్ రాజవంశీకుడు టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ గూడలూరు అడవులను నరికేస్తున్నారంటూ సుప్రీంకోర్టుకెక్కారు. 1996 డిసెంబరు 12న జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ బి.ఎన్. కిర్పాల్ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు గూడలూరు దాటి దేశమంతా పాకింది. ఈశాన్య రాష్ట్రాల నుంచి బయటికి కలప రవాణా ఆగింది. అరుణాచల్ సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు అస్సాంలో ఉన్న వెనీర్, ప్లైవుడ్ మిల్లులకు తాళాలు పడ్డాయి.

వెనీర్ అంటే పొర. నానబెట్టిన దుంగను లేత్ మీద తిప్పుతూ కత్తి ఆనిస్తే చాపలా విప్పుకుంటూ వస్తుంది. ప్లైవుడ్‌లో పైకి కనిపించేది ఫేస్, లోపల దాక్కునేది కోర్. ఫేస్ తరచూ అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. షోకంతా దానిదే!

ఈశాన్యం కలప ఆగాక, ఆ ఫేస్ కోసం మన మిల్లులు సముద్రం వైపు చూశాయి. బర్మా నుంచి గర్జన్ కలప, ఆఫ్రికాలోని గాబన్ నుంచి ఒకూమే కలప. గాబన్ 2010లో దుంగల ఎగుమతిని నిషేధించింది. పొర కావాలంటే ఇక్కడికొచ్చి తీసుకోండి అన్నమాట. గాబన్ రాజధాని లిబ్రేవిల్ దగ్గరి ఎన్‌కోక్ పారిశ్రామిక మండలిలో మన కంపెనీలూ లేత్‌లు బిగించాయి. 2014 ఏప్రిల్ 1న మయన్మార్, అదే బర్మా, కూడా దుంగలకు తలుపులు మూసింది.

కస్టమ్స్ పద్దులో దుంగ 4403, వెనీర్ 4408. ఒక పద్దు నుంచి మరో పద్దుకు మారిందంతే. కానీ పొర తీసే కూలీ, యంత్రం, లాభం ఏ గట్టున ఉన్నాయో ఆ అంకెలే చెబుతాయి. ఒకప్పుడు దుంగలమ్మిన గాబన్ ఇప్పుడు పొరలమ్ముతోంది. దుంగలు దింపుకున్న మనం పొరలూ దింపుకుంటున్నాం. అలాగని గాబన్ అడవికి కాపలా కుదిరిందని నేననను: 2019లో ఒవెండో రేవులో పట్టుబడ్డ కెవాజింగో కలప కంటైనర్లే మాయమై, అడవుల మంత్రి పదవి ఊడింది.

మరి కోర్? అది ఓడ కిరాయి భరించే సరుకు కాదు. పరిశ్రమలు కలపను రైతుల దగ్గరే చూసుకోవాలని 1988 జాతీయ అటవీ విధానమే చెప్పింది. యూకలిప్టస్, పాప్లర్, సిల్వర్ ఓక్ అలా మిల్లుకెక్కాయి. కాఫీకి నీడ కోసం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టుకు టేపు పడింది.

గాబన్ మాట చెల్లింది, దాని చేతిలో రేవు ఉంది గనక. గిరిజన రైతు చేతిలో ఉన్నది మాను ఒక్కటే. పాడేరులోనే పొర తీసే షెడ్డు పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. అరకు కాఫీ 2017లో పారిస్ దుకాణం దాకా వెళ్ళింది, పక్క ఊరి మిల్లు ఏపాటి? కానీ మిల్లు పెడితే దానికి రోజూ మేత వెయ్యాలి. నీడ పోతే అరబికా మాడుతుంది, తీగకు ఊతం పోతుంది. షెడ్డు కంటే ముందు, ఎకరానికి ఎన్ని మాన్లు నిలబెట్టాలో, కొట్టినదాని చోట ఎప్పుడు నాటాలో రైతులూ గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాళ్ళూ కూర్చుని తేల్చుకోవాలి.