కరువు తెచ్చిన సూర్యచిత్రాలు

నక్షత్రాలను ఫొటో తీసేవారికి వెలుతురు చాలదు, సూర్యుణ్ణి తీసేవారికి అదే మితిమీరి ఇబ్బంది. 1845 ఏప్రిల్ 2న పారిస్‌లో భౌతిక శాస్త్రవేత్తలు ఫీజో, ఫూకో వెండిపూత రేకు మీద తీసిన సూర్యచిత్రానికి సెకనులో అరవయ్యో వంతు సరిపోయింది. అందులో సూర్యుడి మీది మచ్చలూ పడ్డాయి. అయితే రోజూ తీయాలన్న ఆలోచన కార్యరూపం దాల్చడానికి మరో పదేళ్లు దాటింది. లండన్ దగ్గరి క్యూ వేధశాల కోసం వారెన్ డి లా రూ సూర్యుణ్ణి ఫొటో తీసే పరికరం, ఫొటోహీలియోగ్రాఫ్, తయారు చేయించాడు. కటకం వెడల్పు మూడున్నర అంగుళాలైనా లేదు. సన్నని చీలిక ఉన్న రేకు స్ప్రింగు విసురుకు కిరణాల దారికి అడ్డంగా దూసుకుపోయేది, ఆ లిప్తలోనే బొమ్మ పడేది. రసాయనం పూసిన గాజు పలకను తడి ఆరకముందే వాడాల్సి వచ్చేది.

1874 నుంచి ఈ పని గ్రీనిచ్ వేధశాల దినచర్య అయింది. ఇంగ్లండు మబ్బులు తెలిసినవే కదా, ఖాళీ రోజులను డెహ్రాడూన్, మారిషస్ పలకలతో పూరించేవారు.

మన దేశంలో ఈ పనికి ఊపునిచ్చింది కరువు. 1876-78లో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను తుడిచిపెట్టిన ధాత కరువు సమయంలోనే, మచ్చలు పెరిగి తరిగే పదకొండేళ్ల చక్రానికీ వానలకూ లంకె ఉందని ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ వంటివారు గట్టిగా వాదించారు. సూర్యుణ్ణి గమనిస్తే రుతుపవనాల గుట్టు తెలుస్తుందన్న ఆశ సర్కారుకూ అంటింది. చర్చలు సాగి సాగి, 1899లో మిచీ స్మిత్ సారథ్యంలో కొడైకెనాల్ వేధశాల వెలిసింది. మచ్చలను చూసి నైరుతిని ముందే చెప్పే సూత్రం మాత్రం నేటికీ దొరకలేదు. ఆకలి పేరున మొదలైన పని ఆకలి తీర్చలేదు, చిత్రాలు మాత్రం మిగిల్చింది.

ఆ చిత్రాల కథలో నాకు ముచ్చటగొలిపేది ఒక పాత టెలిస్కోపు. పారిస్‌కు చెందిన లెరెబూర్ - సెక్రెటాన్ సంస్థ తయారుచేసిన దీన్ని 1850లో మద్రాసు వేధశాలకు తెప్పించారు. 1898లో గ్రబ్ సంస్థ దాన్ని మార్చి తీర్చిదిద్దింది. కొడైకెనాల్‌లో దీనితో 1904 నుంచి, ఆకాశం తెరిపిగా ఉన్న ప్రతి రోజూ, సుమారు 20 సెం.మీ. వెడల్పు సూర్యబింబాన్ని పలకకెక్కించే ఆనవాయితీ మొదలైంది. తొలినాళ్లలో 10 సెం.మీ. కటకం వాడారు, 1918 నుంచి 15 సెం.మీ. కటకం వచ్చింది. ఆ తరువాత దాన్ని కదపలేదు. పొదుపు సంగతి ఎలా ఉన్నా, ఇందులో పెద్ద వివేకమే ఉంది. కటకం మారితే బింబం అంచు, మచ్చ నీడ, కొలత అన్నీ కొంత మారతాయి. 1920 నాటి మచ్చనూ 1970 నాటి మచ్చనూ పోల్చాలంటే రెండింటినీ ఒకే కన్ను చూసి ఉండాలి.

ఈ పలకలతోనే అన్నీ తేలలేదు. మచ్చ అంచులో వాయువు బయటికి పారుతోందని ఎవర్షెడ్ 1909లో అక్కడే కనిపెట్టింది వర్ణపటం సాయంతో. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు 1960లో ఈ వేధశాల పగ్గాలు చేపట్టి కొత్త పరికరాలెన్నో తెచ్చినా, పాత ఆనవాయితీ సాగుతూనే వచ్చింది.

గ్రీనిచ్ 1976తో ఈ పని విరమించింది. ఆపై హంగరీలోని డెబ్రెట్సెన్ వేధశాల అందుకుంది. కొలిచే చేతులు మారితే మచ్చల వైశాల్యాల లెక్కల్లో తేడాలొస్తాయి. ఆ రెండు లెక్కలనూ సరిచూడాలంటే ఆ మార్పుకు ముందూ వెనుకా తెగకుండా సాగిన వరుస కావాలి. ఇప్పుడు డిజిటల్ రూపంలోకి మారిన కొడైకెనాల్ పలకలు అలాంటి వరుసే.